ప్రాణపేటిక అడిగిన అనుమతి

"దోసెల పిండిలో మెంతులు వద్దని ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాడు చక్రధర్.

"నానబోసింది వంటయంత్రం. నన్నంటారేం?" అంది మృణాళిని.

"దానికి చెప్పింది నువ్వేగా."

ఓడ కెప్టెనైన మొగుడు నెలల తరబడి సముద్రం మీద తిరిగి విశాఖలో దిగిన మర్నాడే మెంతుల మీద పోట్లాట. ఆమె రేవుకు బయలుదేరింది.

డాక్టర్లు లేని సరుకు ఓడల కోసం ఆమె కనిపెట్టిందే ప్రాణపేటిక. రోగిని లోపల పడుకోబెడితే స్కానర్లు జబ్బును పోల్చుకుంటాయి, రోబో చేతులు కోసి కుడతాయి. అయితే అంతసేపూ ఓడ వేగం తగ్గించాలి. అందుకే కత్తి పట్టేముందు పేటిక కెప్టెన్ అనుమతి అడగాలని కెప్టెన్ల సంఘం పట్టుబట్టింది. ఆ సంఘంలో చక్రధర్ పెద్ద.

ఇప్పుడు అతని ఓడలో పనిచేసే నూకయ్య, అపెండిక్స్ పగిలి, ఆసుపత్రిలో చావుబతుకుల మధ్య ఉన్నాడు. పేటికే జబ్బును ఆలస్యంగా పసిగట్టిందని చక్రధర్ అందరితో చెబుతున్నాడు. రేపే దీని మీద విచారణ.

మృణాళిని ఓడెక్కి పేటికనే అడిగింది. "నూకయ్య జబ్బు నీకెప్పుడు తెలిసింది?"

"పడుకోగానే తెలిసిందమ్మా. అనుమతి అడిగాను. 'డెక్కు కడగమంటే వాడికెప్పుడూ కడుపునొప్పే, లేపి పంపు' అన్నారు కెప్టెన్ గారు. మళ్ళీ అడిగినా అదే మాట. మనిషి స్పృహ తప్పాక ఒప్పుకున్నారు."

ఆమెకు ఒళ్ళు మండింది. "అంతకుముందు ఆయనకే కిడ్నీలో రాయి నొప్పి వచ్చిందిగా?"

"అబ్బా అన్నారు. వెంటనే ఓడ వేగం తగ్గించాను."

"ఎవర్ని అడిగి?"

"కెప్టెన్ నొప్పికి ఎవరి అనుమతి కావాలో నాకెవరూ చెప్పలేదమ్మా."

మధ్యాహ్నం భోజనాల దగ్గర అత్తగారు భానుమతమ్మ పప్పు వడ్డిస్తుంటే, మృణాళిని విన్నదంతా చెప్పింది. చక్రధర్ కలుపుతున్న ముద్ద వదిలేశాడు.

"యంత్రం మాట పట్టుకుని మొగుణ్ణి బజారుకీడుస్తావా? సరుకు ఆలస్యమైతే జవాబు చెప్పుకోవాల్సింది నేను."

"నూకయ్య భార్యకు ఎవరు చెప్పుకుంటారు?"

"అన్నం దగ్గరా ఈ గొడవ? వాణ్ణి తిననీ," అంది భానుమతమ్మ.

"నువ్వుండమ్మా. కెప్టెన్ అనుమతి లేకపోతే పని ఎగ్గొట్టే ప్రతివాడూ అందులోనే పడుకుంటాడు."

"పడుకోనివ్వండి. జబ్బు లేనివాణ్ణి అదే లేపి పంపేస్తుంది. ఉన్నవాణ్ణి పంపెయ్యమన్నది మీరు."

మృణాళిని తన కంచంలో తనే అన్నం వడ్డించుకుంది.

"ఆ అనుమతి అడగడాన్ని పేటికలన్నిటిలోంచీ తీసేస్తున్నాను. మీ సంఘం ఏం చేసుకుంటుందో చేసుకోమనండి. రేపు విచారణలో పేటిక చేత అందరి ముందూ చెప్పిస్తాను. అక్కడ నా కుర్చీ మీ పక్కన వేయించకండి. నేను నూకయ్య భార్య పక్కన కూర్చుంటాను."