రెండు పసుపులు, ఒక టేబుల్ ల్యాంపు

"ఈ రెండూ ఒకటే రంగు కదా!" అన్నాడు నాన్న, గోడ మీది మచ్చల్ని కళ్లు చికిలించి చూస్తూ.

"అయ్యో నాన్నా! ఎడమది నిమ్మపండు రంగు. కుడిది మీగడ రంగు. నీకు కళ్లద్దాలు కావాలి" అంది పిడుగు.

పదేళ్ల ఆ పిల్లని ఇంట్లో అందరూ పిడుగు అనే పిలుస్తారు. ఎందుకో వేరే చెప్పాలా?

ఇన్నాళ్లూ హాల్లో పడుకున్న నానమ్మ ఇకమీదట పిడుగు గదిలోకి వస్తోంది. అందుకే గదికి కొత్త రంగు. పెయింటరు పొద్దున్నే రెండు పసుపులూ గోడ మీద జానెడేసి వేశాడు. "ఆరాక చూసి చెప్పండి. షాపులో కలిపిస్తాను. ఒకసారి కలిపాక వెనక్కి తీసుకోరు" అన్నాడు.

"నానమ్మ ఏది అంటే అదే" అని నాన్న తేల్చేశాడు.

పిడుగుకేమో నిమ్మపండు రంగే కావాలి. అందుకని ఓ ఉపాయం పన్నింది. కర్టెన్లు మూసేసింది. టేబుల్ ల్యాంపు తెచ్చి నిమ్మపండు మచ్చ మీదికే తిప్పింది. అది ధగధగలాడింది. పక్కది పాపం, జ్వరం వచ్చిన మొహంలా వెలవెలబోయింది.

మధ్యాహ్నం నానమ్మ వచ్చి చూసింది. "ఇదే బాగుందే!" అంది నిమ్మపండుని చూపిస్తూ.

పిడుగు ఎగిరి గంతేసింది. గుమ్మం దగ్గర నిలబడ్డ పెయింటరు "సరేనమ్మా" అని మెట్లు దిగి వెళ్లాడు.

నానమ్మ మాత్రం గోడనే చూస్తూ ముసిముసిగా నవ్వుకుంటోంది.

"ఏంటి నానమ్మా?"

"ఏం లేదే. నాకు డెబ్భై రెండేళ్లు. ఎన్ని ఇళ్లు మారానో! ఏ గోడకి ఏ రంగు కావాలని నన్నెవరూ అడగలేదు. ఇవాళ నేనే చెప్పాను. భలే సరదాగా ఉందే!"

పిడుగు నవ్వు టక్కున ఆగిపోయింది. నానమ్మ ఎక్కడ చెప్పింది? ల్యాంపు కదా చెప్పింది! సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

ఒక్క ఉదుటున వెళ్లి కర్టెన్లు తెరిచింది. "పెయింటర్ అంకుల్! ఆగండి, ఆగండి!" అని కిటికీలోంచి అరిచింది. ల్యాంపు ఆర్పేసింది.

"నానమ్మా, నేను మోసం చేశాను. నాకు నచ్చినదాని మీదే లైటు వేశాను. ఇప్పుడు మళ్లీ చూడు."

నానమ్మ బుగ్గ మీద చెయ్యి వేసుకుంది. "ఓసి నీ అసాధ్యం కూలా!" అని పకపకా నవ్వింది. తర్వాత దగ్గరికెళ్లి చూసింది. దూరం జరిగి చూసింది. మంచం మీద పడుకుని కూడా చూసింది. పిడుగు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

"మీగడ రంగు" అంది నానమ్మ చివరికి. "కళ్లకి చల్లగా ఉంది. నీకు ఫరవాలేదా?"

పిడుగు ఒక్క క్షణం నిమ్మపండు మచ్చ వంక చూసింది. గట్టిగా ఊపిరి పీల్చుకుంది. కిటికీలోంచి తల బయటపెట్టి, వీధంతా వినబడేలా కేకేసింది.

"అంకుల్! మీగడ రంగు! మా నానమ్మ సెలెక్షన్!"