ఎలీసమ్మ జుట్టు తీగ

మా కాలేజీ ఎనకాల ల్యాబు గది దగ్గరికి సీకటి పడితే ఎవులూ ఎల్లరు. ఎర్రలైటు ఎలుగుతాదంట, తెల్లకోటు ఆడమనిసి తిరుగుతాదంట! ఓస్, ఆ మనిసి నా హాస్టల్ రూమ్మేటు రూబీయే. ఎలుతురు తగిలితే వెండి మందు నల్లబడిపోద్దని ఎర్ర బల్బు పెట్టుకుని పని సేసేది. నేనూ నవ్వుకునేదాన్ని... హుద్‌హుద్ తుపాను వచ్చేదాకా.

దాని పనేటంటే — పేణమున్న వాటిలోంచి డీఎన్ఏ పోగు తీసి, దానికి వెండి పట్టించి, కంటికి ఆనని కరెంటు తీగ సేయడం. తుపానుకి కరెంటు పోయి, ఫ్రిజ్‌లో దాసిన డీఎన్ఏ అంతా పాడైపోనాది.

"నెలాఖరుకి తీగ సూపించాలి. లేదా, పీహెచ్‌డీ మర్చిపో," అనేసినారు దాని గైడు నరసింగరావు సారు.

రూబీ కొత్తవలస ఇంటికి పోయినాది. వాళ్ళమ్మ ఎలీసమ్మ ఆ ఎండాకాలమే సచ్చిపోనాది. దువ్వినప్పుడు రాలిన జుట్టు ఉండ సుట్టి సూరులో దోపేది పాపం, సవరాలోడికిస్తే స్టీలు గిన్నె వస్తాదని. ఆ ఉండే తెచ్చినాది రూబీ. కుదుళ్ళు గిల్లి మందులో ఏస్తంటే ఏడుపు ఆగలేదంట.

ఆ రాత్రి తీగ అయ్యింది. కరెంటు ఇస్తే మీటరు ముల్లు లేసింది! సంబరంగా ప్లగ్గు పీకేసినాది.

ముల్లు దిగలేదు.

సెయ్యి తీగ దగ్గరికి తెస్తే లేస్తంది... ఎనక్కి తీస్తే దిగుతంది...

"అమ్మా..." అన్నాదంట.

తెల్లారి సారు కొట్టిపారేసినారు. "ఒంట్లో కరెంటమ్మా అది, ఎవరు ముట్టినా వస్తాది." ఆయన సెయ్యి పెట్టినారు — కదల్లేదు. నా సెయ్యి పెట్టించినారు — కదల్లేదు.

"సరే, హైదరాబాద్ పంపుదాం. కోసి సూసి రిపోర్టిస్తే నీ డిగ్రీకి ఢోకా లేదు."

రూబీ మొఖం పాలిపోనాది.

అంతలో దాని సెల్లి బేబీ క్యారేజీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చినాది. ఆ పిల్లకి ఏటీ తెలీదు.

ముల్లు టక్కున లేసినాది.

"అక్కా..." గుమ్మంలోనే ఆగిపోయి, గుసగుసగా అడిగినాది బేబీ. "ఇప్పుడు నన్ను పిలిసినాది ఎవులు?"

మాలో ఎవులం పిలవలేదు.

"మా అమ్మని కొయ్యనివ్వను సార్," అన్నాది రూబీ. "డిగ్రీ నాకొద్దు."

ఆ మాట అన్నాదో లేదో — ముల్లు సున్నాకి పడిపోనాది. కూతురి డిగ్రీ పోకూడదనేమో, ఆ తల్లి తనంతట తనే ఎల్లిపోనాది. సాయంత్రం దాకా సెయ్యి అక్కడే పెట్టుకుని కూకుంది రూబీ. మళ్ళీ లేవలేదు.