రెండో ట్యూబు

మాది రాజాం. నేను నర్సుని. పేరు శైలజ. ఒక పెద్దాసుపత్రిలో హార్మోన్ జబ్బుల మీద పరిశోధన జరుగుతుంటే మూడేళ్ళ కిందట అందులో చేరాను. పని కష్టమేమీ కాదు. ఐసు పెట్టిన డబ్బా భుజాన తగిలించుకుని బస్సెక్కడం, రెండు జిల్లాల్లో ఊళ్ళు తిరగడం, రోగుల దగ్గర రక్తం తీసి చల్లారకముందే... కాదు, వేడెక్కకముందే లేబుకి అప్పగించడం. సాయంత్రం ఇంటికొస్తే అమ్మ ఉంటుంది. అమ్మ పేరు శ్యామలాంబ. సంగీతం టీచరుగా చేసి రిటైరయింది. నాన్న పోయాక ఆ ఇంట్లో మేమిద్దరమే.

మేము వెతికే జబ్బు అరుదైనది. మూత్రపిండం మీద టోపీ పెట్టినట్టు ఒక చిన్న గ్రంథి ఉంటుంది. అందులో కొందరికి గడ్డ పుడుతుంది. మనిషి భయపడినప్పుడు ఒంట్లో ఊరే హార్మోను ఉంటుంది చూడండి, ఆ గడ్డ దాన్ని ఏ కారణమూ లేకుండా కుమ్మరిస్తుంది. గుండె దడదడలాడుతుంది, ఒళ్ళంతా చెమట పోస్తుంది, బీపీ ఎక్కడికో పోతుంది. పది నిమిషాలో, పావుగంటో. ఆ తర్వాత మామూలే. ఆ కాసేపూ మాత్రం రోగికి తాను చచ్చిపోతున్నానని రూఢిగా తెలిసిపోతుందని పుస్తకాల్లోనే రాశారు.

దాలమ్మకి ఆ జబ్బు ఉంది.

శ్రీముఖలింగం దాటాక వంశధార ఒడ్డున ఒక చిన్న ఊరు ఆమెది. నలభై ఒక్కేళ్ళుంటాయి. భర్త గణపతిరావు రెండెకరాల వరి చేస్తాడు. ఒక్కతే కూతురు సుహాసిని, నరసన్నపేటలో ఇంటర్ చదువుతోంది. దాలమ్మకి దెయ్యం పట్టిందని ఆరేళ్ళు నమ్మారు. కొట్టించారు, పొగ వేయించారు. చివరికి మా వైద్య శిబిరానికి తీసుకొస్తే స్కానింగులో నిమ్మకాయంత గడ్డ కనబడింది.

మా డాక్టరు జగన్నాధం గారు నాకు స్పష్టంగానే చెప్పారు. "రెండు వారాలు ఈ మాత్రలు వాడి ఆపరేషన్ చేస్తే ఆవిడ బతుకుతుంది. సోమవారం శాంపిల్ తీసుకుని, అక్కడే మొదటి మాత్ర వేయించు." గుమ్మం దాకా వెళ్ళాక మళ్ళీ పిలిచారు. "ఎటాక్ వచ్చినప్పుడే తీసిన రక్తం దొరికితే మన పరిశోధన పేపరుకి ఎంతో విలువ. అందులో నీ పేరూ వేయొచ్చు. కానీ దాని కోసం ఆగకు."

నేను ఆగాను.

మాత్రలు వేస్తే ఎటాకులు తగ్గిపోతాయి. అందుకని సోమవారం మాత్రలు సంచిలోనే ఉంచి, "ఇంకా రాలేదప్పా" అన్నాను. మా వైపు అక్కని అప్ప అనే పిలుస్తాం. గురువారం మళ్ళీ వెళ్ళి చీకటి పడేదాకా కూర్చున్నాను. ఆమె నవ్వుతూనే ఉంది, ఏ ఎటాకూ రాలేదు. మూడోసారి ఆషాఢంలో, ముసురు పట్టిన రోజున వెళ్ళాను.

గణపతిరావు ఆకుమడి చూడ్డానికి పొలం వెళ్ళాడు. పిల్ల కాలేజీలో ఉంది. దాలమ్మ నన్ను నడింట్లోకి తీసుకెళ్ళింది. ఆ గదికి కిటికీ లేదు. మధ్యాహ్నం పన్నెండయినా లోపల చీకటే. గోడ వారగా ధాన్యం బస్తాలు. ముక్కిన వడ్ల వాసన, తడి గోడల వాసన. పెంకుల మీద వాన ఆగకుండా గీకుతున్నట్టు ఉంది. వెలుతురు ఒక్క గుమ్మంలోంచే వస్తోంది, అదీ బూడిద రంగులో.

"ఏటి తల్లీ, మాత్రలు తెచ్చినావా?"

"తెచ్చానప్పా. ముందు రక్తం తీసి ఇస్తాను." చేతికి సూది గుచ్చి, ట్యూబు తగిలించడమే తరువాయిగా ఉంచాను. తర్వాత అడిగాను. "అది వచ్చినప్పుడు ఎలా ఉంటుంది నీకు?"

దాలమ్మ గొంతు తగ్గించింది. "ముందు పాదాలు సల్లబడిపోతాయి. అప్పుడు గుమ్మం కాడకొచ్చి నిలబడతాది. నన్ను సూత్తాది. అంతే. లోపలికి రాదు."

"ఎవరు?"

"ఎవరో నాకేటి తెలుసు? మొకం సూడనేదు. సూడకూడదని మాత్రం తెలుసు." తర్వాత నవ్వింది. "ఒక భూతవైద్యుడు ఉండీవోడు. పొట్ట మీద మోకాలెట్టి నొక్కీవోడు. నొక్కినప్పుడల్లా వచ్చీది. తోలడానికొచ్చినోడే దాన్ని పిలిసీవోడు."

ఎందుకు వచ్చేదో నాకు తెలుసు. గడ్డని నొక్కితే అందులో ఉన్నదంతా రక్తంలోకి చిమ్ముతుంది. రోగి కడుపు గట్టిగా నొక్కొద్దని మాకు మొదటి రోజే చెప్పారు.

"పడుకో అప్పా. పొట్ట ఒకసారి చూస్తాను."

పడుకుంది. ఎడం చెయ్యి డొక్క కింద పెట్టాను. కుడి చేత్తో పైనుంచి నొక్కాను. ఆమె నా మొహంలోకి చూసింది. ఇంకా లోపలికి నొక్కాను. ఆమెకి అర్థమైంది. నా చెయ్యి పట్టుకోలేదు, తోసెయ్యలేదు. "ఎందుకు తల్లీ..." అని మాత్రం అంది.

మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా లేచింది. మెడ నరం కొట్టుకోవడం కంటికి కనబడుతోంది. బీపీ మిషను రెండు వందల యాభై చూపించి, ఆ తర్వాత అంకెలు చూపించడం మానేసింది.

ట్యూబు తగిలించాను. రక్తం ఉరికి వచ్చింది.

"వచ్చింది," అంది దాలమ్మ.

ఆమె నా భుజం మీంచి గుమ్మం వైపు చూస్తోంది. గుమ్మం నా వెనక ఉంది. బూడిద వెలుతురు ఒక్కసారిగా తగ్గింది... ఎవరో అడ్డు నిలబడినట్టు.

వాన చప్పుడు ఆగిపోయింది. వాన ఆగలేదు. చప్పుడే ఆగింది.

"లోపలికొచ్చీసింది..." ఆమె పెదవులు కదిలాయి. "ఎప్పుడూ రానేదు... తల్లీ, ఎనక్కి తిరక్కు."

మొదటి ట్యూబు నిండింది. సూది పీకి, మాత్ర నాలుక కింద పెట్టి, గణపతిరావుకి ఫోను చెయ్యాలి. చెయ్యి మాత్రల వైపే వెళ్ళింది. కానీ ఒక ట్యూబు దారిలో పాడైతే? రెండోది ఉంటే మంచిది కదా?

రెండో ట్యూబు తగిలించాను.

నా మెడ మీద చల్లగా ఊపిరి తగిలింది. నది అడుగు బురద వాసన. నేను తిరగలేదు. ట్యూబులో ఎర్రగా పైకొస్తున్న గీతనే చూస్తూ కూర్చున్నాను. సగం... ముప్పావు... దాలమ్మ కళ్ళు నా వెనక నుంచి మెల్లగా నా మొహం మీదికి వచ్చాయి. అక్కడే నిలిచిపోయాయి. ఎంతసేపటికీ రెప్ప వాలలేదు.

ట్యూబు నిండింది.

అప్పుడు ఫోను చేశాను. గణపతిరావు బురద కాళ్ళతో పరుగెత్తుకొచ్చాడు. దానంతటదే ఎటాక్ వచ్చిందని చెప్పాను. అతను పెళ్ళాం పాదాలు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు రుద్దాడు. తర్వాత నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "నువ్వున్నావు కాబట్టి ఒంటిగా పోనేదు తల్లీ. దేవుడే పంపినాడు నిన్ను."

సరేనన్నట్టు తలూపాను. రెండు ట్యూబుల్నీ ఐసు డబ్బాలో పెట్టుకుని నాలుగు గంటల బస్సు పట్టుకున్నాను.

అంత హార్మోను ఏ మనిషి రక్తంలోనూ చూడలేదని లేబు వాళ్ళు అన్నారు. జగన్నాధం గారు సంతోషాన్ని దాచుకోలేకపోయారు. పేపరులో నా పేరు మూడోది.

పదకొండో రోజున, ఆసుపత్రి వార్డులో పట్టపగలు, నా పాదాలు చల్లబడ్డాయి.

తర్వాత బస్సులో. తర్వాత ఇంట్లో, అమ్మ పక్కనే ఉండగా. గుండె గొంతులోకి వచ్చేది. చస్తున్నానని తెలిసిపోయేది. తలుపు దగ్గర ఎవరో నిలబడేవారు. నేను చూసేదాన్ని కాదు. ప్రతిసారీ కొంచెం దగ్గరగా... చివరిసారి మంచం కోడు దాకా వచ్చింది.

జగన్నాధం గారే అన్ని పరీక్షలూ చేయించారు. మూత్రం బాగానే ఉంది. రక్తం బాగానే ఉంది. స్కానింగులో గ్రంథులు రెండూ శుభ్రంగా ఉన్నాయి. "ఆవిడ పోవడం కళ్ళారా చూశావు కదమ్మా. మనసుకి తగిలింది," అన్నారు.

ఈ గడ్డ కొన్ని కుటుంబాల్లో తల్లి నుంచి బిడ్డకి జన్యువులోనే వస్తుంది. అందుకని సుహాసిని రక్తం హైదరాబాదు లేబుకి పంపాం. దాలమ్మది రెండో ట్యూబు ఎలాగూ ఉంది. ఆయన ఏమనుకున్నారో, నాది కూడా కలిపి పంపారు.

మొన్న శుక్రవారం నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"ఆ పిల్లకి ఏమీ లేదు. మంచిదే. కానీ దాలమ్మ జన్యువుతో అసలు కలవడమే లేదంట. కూతురు కాదంటున్నారు."

"ట్యూబులు తారుమారై ఉంటాయి సార్."

"నేనూ అదే అన్నాను. మూడుసార్లు చేశారు." ఆయన కాగితం నా వైపు తిప్పారు గానీ నా మొహం చూడలేదు. "దాలమ్మలో ఉన్న లోపం నీలో ఉంది. అంతే కాదు... ఆవిడా నువ్వూ తల్లీబిడ్డలని వస్తోంది. నిన్ను ఎవరైనా పెంచుకున్నారా అమ్మా?"

దాలమ్మ నాకన్నా ఏడేళ్ళు పెద్దది.

నవ్వాననుకుంటాను. బయటికొచ్చి, ఆసుపత్రి మెట్ల మీద, జనం మధ్య నిలబడి అమ్మకి ఫోను చేశాను. మధ్యాహ్నం ఒంటిగంట. ఎండ మండిపోతోంది. నన్ను ఎక్కడ కన్నావో, ఏ వారమో, ఏ ఆసుపత్రో, అన్నీ అడుగుదామనుకున్నాను. అమ్మ గొంతు వింటే చాలనుకున్నాను.

"హలో," అంది అమ్మ.

"అమ్మా, నేనే."

"ఎవరమ్మా?"

"నేను... శైలజని."

ఫోనులో పళ్ళెం జరిగిన చప్పుడు వినిపించింది. మంచినీళ్ళు గ్లాసులో పోస్తున్న చప్పుడు కూడా.

"శైలజతో మాట్లాడాలా?" అమ్మ మర్యాదగా అడిగింది. "ఇప్పుడే భోజనానికి కూర్చుందమ్మా. మీరెవరని చెప్పమంటారు?"