మంచుకనుమ పాఠం

రెండో పీరియడు గంట మోగగానే మూడో తరగతి పిల్లలు ముప్పైమందీ నుదుట స్మృతిపట్టీలు కట్టుకుని బల్లల మీద తలలు వాల్చారు. ఆ రోజు పాఠం మంచుకనుమ యుద్ధం. సౌదామిని టీచరు మీట నొక్కి కిటికీ వైపు తిరిగి నిలబడింది. పదేళ్లుగా ఈ పాఠం వచ్చినప్పుడల్లా ఆమె అలాగే నిలబడేది.

యుద్ధచరిత్రను ఇప్పుడెవరూ పుస్తకంలో చదవడం లేదు. సైనికుడి శిరస్త్రాణంలో నిక్షిప్తమైన అనుభవం స్మృతిపట్టీ ద్వారా పిల్లల సొంత జ్ఞాపకమైపోతుంది. యుద్ధమంటే ఏమిటో తెలిస్తే యుద్ధాలే ఉండవన్నారు, ఆ పట్టీని కనిపెట్టినవారు. మంచుకనుమలో మరణించిన శశాంక్ ఆఖరి పదకొండు నిమిషాలు రాష్ట్రమంతటికీ పాఠం. శశాంక్ సౌదామినికి సొంత తమ్ముడు. ఆ సంగతి ఆమె పిల్లలకు ఎన్నడూ చెప్పలేదు. పట్టీ ఒక్కసారైనా కట్టుకోలేదు.

పాఠం ముగిసింది. పిల్లలు చలికి కొంకర్లు పోయినట్టున్న చేతులు రుద్దుకుంటూ, జై కొడుతూ ఆటస్థలానికి పరుగెత్తారు. హరివల్లి ఒక్కతే కదలలేదు.

“ఏమ్మా, తల తిరుగుతోందా?”

“మధ్యలో చీకటైపోయింది టీచర్.”

“అక్కడ కొంచెం తీసేశార్లే. పిల్లలు చూడకూడదని.”

“నేను చూళ్లేదు. కానీ ఎవరో ఏడుస్తున్నారు. వాళ్ల మాటలు నాకు రావు. బతిమాలుతున్నారని మాత్రం తెలిసింది.” ఆ పిల్ల తన చూపుడువేలిని చూసుకుంది. “అయినా తుపాకీ నొక్కేశాను టీచర్.”

సౌదామినికి అప్పుడు తట్టింది. పాఠం తయారుచేసినవాళ్లు దృశ్యాన్ని కత్తిరించారు. తమ్ముడి వేలికి తెలిసినదాన్నీ, ఆ తరవాత వాడి ఒంట్లో పాకిన సిగ్గునూ తీసెయ్యాలని వాళ్లకు తోచలేదు. పదేళ్లలో ఎందరు ఎనిమిదేళ్ల పిల్లలు దాన్ని మోసుకుంటూ ఇళ్లకు వెళ్లారో! ఇందాక జై కొట్టినవాళ్లలో ఎందరు నోరు విప్పలేకపోయారో!

“అది నువ్వు కాదు తల్లీ. ఆయన మా తమ్ముడు. చేసింది వాడు,” అంది.

హరివల్లి తలెత్తి ఆమెను చూసింది.

“ఆయన చచ్చిపోయారుగా టీచర్. మరిప్పుడు తప్పయిందని ఎవరు చెప్పాలి?”

సౌదామిని బయటికి తీసుకువెళదామని చెయ్యి చాపింది. ఆ పిల్ల కుడిచేతిని వీపువెనక దాచేసుకుని, ఎడమచెయ్యి అందించింది.