ఏడో నంబరు కోతి

ల్యాబ్‌కు కాపలా ఉన్న యేసన్నను చంపినవాళ్లు అతని మెడలోని ఐడీ కార్డుతోనే ల్యాబ్ తలుపు తెరిచి, ఏడో నంబరు కోతిని ఎత్తుకుపోయారు.

"విదేశీ ముఠా పని," చీఫ్ నాగేశ్వర బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. "మలేరియా తగ్గినా కొందరు పిల్లల ఒంట్లో కొత్త రక్తం పుట్టదు. ఎందుకో తెలుసుకోవడానికే ల్యాబ్‌లో కోతులకు మలేరియా ఎక్కించారు. అన్నీ పాలిపోయి చచ్చాయి. మందు పనిచేసి మళ్లీ రక్తం పట్టింది ఆ ఒక్కదానికే. అది చేజారితే మందూ పోయినట్టే."

"యేసన్నను చంపినోళ్లు నాకు కావాల సార్," అన్నాడు ఏజెంట్ తిప్పేష్.

"ముందు కోతి."

తిప్పేష్ పిస్టల్‌లో తూటాలు నింపాడు. యేసన్న అతని పార్ట్‌నర్.

మధ్యాహ్నం గుమ్మఘట్ట దాటాక, కర్ణాటకకు పోయే రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద నిలబడింది. కాపరి వేషంలో తిప్పేష్. చేతిలో కర్ర, భుజాన గొంగడి, దాని కింద సైలెన్సర్ పిస్టల్.

వ్యాన్ ఒకటి హారన్ కొట్టి ఆగింది. నల్ల కళ్లద్దాలు తీస్తూ హేమ దిగింది. ముఠాలో రహస్యంగా చేరిన డిపార్ట్‌మెంట్ ఏజెంట్. అటవీశాఖ యూనిఫాంలోనూ సినిమా తారలా ఉంది.

"ఈడ వాన పడిందా?" తిప్పేష్ కోడ్ అడిగాడు.

"పక్క ఊరికి పడింది." కోడ్ సరిపోయింది. "కోతి తనకల్లు దారిన పోయింది. పరిగెత్తు!"

"మరి వ్యాన్ వెనక బోనులో ఈ కోతులేంది?"

"నా వేషానికి కవర్. కళ్యాణదుర్గం చేలల్లో పంట పాడుచేస్తుంటే పట్టినవి. అడవిలో వదలాలి."

తిప్పేష్ సంచిలోంచి గుప్పెడు వేరుశనగకాయలు బోనులోకి చల్లాడు. కోతులు ఎగబడి, పటపటా ఒలిచి గింజలు బుగ్గల్లో దోపుకున్నాయి. మూలనున్న ఒకటి మాత్రం కాయను వాసన చూసి, తొక్కతో సహా నమిలి ఉమ్మేసింది.

"చెనిక్కాయ ఒలిచేది రాని కోతి మా చేలల్లో యాడుండాది మేడం? ఇది ల్యాబ్ బిస్కెట్లు తిని పెరిగిందే!"

హేమ చేతిలోని పెన్నులోంచి సూది బయటికొచ్చింది. ఆ చేయి బోను చువ్వల్లోకి దూరింది.

"కదిలితే ఇది చస్తుంది. యేసన్నే కాసేపు గిలగిల్లాడాడు. దీనికంత ఓపిక లేదు."

సూది కోతి బొచ్చును తాకబోయింది. తిప్పేష్ కర్ర ఆమె మోచేతి మీద పడింది. ఎముక విరిగింది. సూది రోడ్డు మీద దొర్లింది. పిస్టల్ గొట్టం ఆమె నుదుటికి ఆనింది.

"ఆమె ప్రాణాలతో కావాలి!" చెవిలోని ఇయర్‌పీస్‌లో చీఫ్ అరిచాడు. "ఇది ఆర్డర్."

ట్రిగ్గర్ మీద వేలు చాలాసేపు అక్కడే ఉంది.

తర్వాత తిప్పేష్ ఏడో నంబరును గొంగట్లో చుట్టి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. హేమను మిగతా కోతులున్న బోనులోకి తోసి గొళ్లెం పెట్టాడు. మందను అసలు కాపరికి అప్పగించి, గుంతలేవీ తప్పించకుండా వ్యాన్ తోలాడు.

"ఆ కేకలేమిటి?" చీఫ్ అడిగాడు. "హేమ ఎలా ఉంది?"

"కొత్త ముఠాలో చేరింది సార్," అన్నాడు తిప్పేష్. "ఈళ్లు మాత్రం ఆయమ్మను నమ్మినట్టు లేదు."