ఫిల్టర్లు ఆగకూడదు

"ఆ ఫిల్టర్లు ఆగాయా, మిషన్ ఫెయిల్," అంది గూఢచారి శాఖ చీఫ్ జీవమ్మ.

కోయిలకుంట్ల దగ్గరున్న ఒక సిమెంట్ ఫ్యాక్టరీని చవగ్గా కొట్టెయ్యాలని ఓ విదేశీ ముఠా ప్లాన్ వేసింది. పొల్యూషన్ తనిఖీ టీమ్ వచ్చే సమయానికి దుమ్ము పట్టే ఫిల్టర్లను ఆపేస్తారు. దుమ్మంతా ఊళ్ల మీద పడుతుంది, ఫ్యాక్టరీకి తాళం పడుతుంది, ఆ తర్వాత ముఠా చెప్పిందే ధర.

"ఫ్యాక్టరీ లోపల మన ఏజెంట్ శివజ్యోతి ఉంది. ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది. ఫిల్టర్లు ఎలా ఆపబోతున్నారో తెలియగానే నీకు చెబుతుంది. ఇయర్‌పీస్ మాత్రం తియ్యొద్దు."

ఏజెంట్ హనుమేష్ తలూపాడు. శివజ్యోతి అంటే అతనికి ప్రాణం. ఆ సంగతి ఆమెకు తప్ప శాఖలో అందరికీ తెలుసు.

మర్నాడు క్యాంటీన్ కుర్రాడి వేషంలో ఉగ్గాణి వడ్డిస్తుంటే, చెవిలో ఆమె గొంతు వినపడింది. మేనేజర్ గోపీనాథ్‌తో మాట్లాడుతోంది. ఫిల్టర్లు ఆపి కరెంటు ఖర్చు తగ్గించమని ఓనర్లు అతన్ని పీక్కుతింటున్నారు. ప్రమోషన్ కూడా ఆపేశారు. అయినా అతను వినడు.

"పట్టిన దుమ్మును మళ్లీ కొలిమిలో వేస్తే సగం ఖర్చు తిరిగొస్తాదమ్మా. మిగతా సగం లాభంలో తగ్గితే తగ్గనీ. ఊరోళ్ల ఊపిరి తగ్గితే యాడ తెచ్చిస్తాం?"

"మీలాంటి మనిషిని నేను యాడా చూడలేదు సార్."

హనుమేష్‌కు ఒళ్లు మండిపోయింది. ఇయర్‌పీస్ పీకి జేబులో వేసుకున్నాడు. గూఢచారి అన్నవాడు చెయ్యకూడని పని అదొక్కటే.

ఆ రోజు అమావాస్య. కంట్రోల్ రూమ్ గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టే రోజు. కట్టాక అది కుళ్లి రాలేదాకా ఎవరూ ముట్టుకోరు. కుంకుమ పెట్టిన కాయను శివజ్యోతే తెచ్చి గోపీనాథ్‌కు అందించింది. అతను స్టూలెక్కి కడుతుంటే కింద స్టూలు పట్టుకుంది. పక్కనే సెక్యూరిటీ గార్డు పెద్ద ఈరన్న చూస్తున్నాడు. క్యాంటీన్ కిటికీలోంచి హనుమేష్ కూడా చూశాడు. స్టూలు పట్టుకునేంత చనువా!

తనిఖీ జీపు గేటు దాటింది. ఫిల్టర్ ఫ్యాన్ల హోరు తగ్గసాగింది. శివజ్యోతి కిటికీ వైపు చూస్తూ చెవి మీద వేలు పెట్టి సైగ చేసింది. హనుమేష్‌కు అవేవీ పట్టలేదు. విసురుగా వచ్చి, కాయను తెంపి, గోపీనాథ్ కాళ్ల ముందు నేలకేసి కొట్టాడు.

ముక్కల మధ్య వైర్లు, బ్యాటరీ, ఆరిపోయిన ఎర్ర లైటు. ఫ్యాన్లకు వెళ్లే సిగ్నల్‌ను అడ్డుకునే జామర్! ఫ్యాన్లు మళ్లీ హోరెత్తాయి.

పెద్ద ఈరన్న పిస్టల్ తీశాడు. ముఠా మనిషి అతనే. పారిపోదామంటే దారి నిండా దిష్టి ముక్కలు. వాటిని తొక్కడానికి కాలు రాలేదు. ఆ తటపటాయింపు హనుమేష్‌కు చాలింది. పిస్టల్ ఎగిరిపోయింది, ఈరన్న చేతులకు బేడీలు పడ్డాయి.

హనుమేష్ పసిగట్టిన తీరు అద్భుతమని జీవమ్మ ఫోన్లో తెగ మెచ్చుకుంది. శివజ్యోతి మాత్రం అతన్ని పక్కకు పిలిచింది.

"కాయలో జామర్ ఉండాదని పొద్దుట్నుంచీ చెప్తానే ఉండాను. ఈరన్న ఎదురుగా నేను పగలగొడితే దొరికిపోతా. నువ్వేమో ఇయర్‌పీస్ పీకేసినావు. మరి నీకెట్లా తెలిసిందప్పా?"

"నాకేం తెల్దు. నువ్వు ఆయప్పకు స్టూలు పట్టుకుంటివి. ఓర్చుకోలేకపోతిని."

ఆమె ఏదో అనబోయేంతలో గోపీనాథ్ వచ్చి, పర్యావరణ మేనేజర్‌గా ఇక్కడే ఉండిపొమ్మని ఆమెను అడిగాడు. ఆలోచించి చెబుతానని ఆమె నవ్వింది.

సాయంత్రం హనుమేష్ రిపోర్టు పంపాడు. ముఠా మనిషి పట్టుబడ్డాడని, ఊళ్లకు ఇక భయం లేదని రాశాడు. అయితే మేనేజర్ గోపీనాథ్ దేశభద్రతకు చాలా ప్రమాదకరమైన మనిషని, అతని మీద కనీసం ఏడాదిపాటు తానే స్వయంగా నిఘా పెట్టాలని అనుమతి కోరాడు.