నడుస్తాది

"మా చిన్ని నడుస్తాదని ఎవరండీ రాసింది?"

తడి గొడుగు బల్ల మీద పెట్టి మరీ అడిగాడు కామేష్. దరఖాస్తులు చూసే మౌక్తిక తల ఎత్తకుండానే, గొడుగు కింద పెట్టమంది. ఆ రోజు ఆమె ముందు నిలబడ్డ ముప్పై ఒకటో మనిషి అతను.

బెంగాల్లో తెలుగువాళ్లు స్థిరపడ్డ ఖిదిర్‌పూర్‌లోని ఆ ప్రభుత్వ కేంద్రంలో పసిపిల్లలకు ఫిజియోథెరపీ ఉచితం. అయితే డాక్టరు సిఫారసు ఉండాలి, ఎదుగుదలలో ఆలస్యం నమోదు కావాలి, మూడేళ్లు నిండకముందే మొదటి సెషన్ జరగాలి. ఆలస్యమేమీ లేదంటూ కామేష్ మేనకోడలి దరఖాస్తు తిరిగొచ్చింది. ఆ పాపకు మూడేళ్లు నిండడానికి ఇంక పదకొండు రోజులే ఉన్నాయి.

"నేనే రాశాను. పాప నడుస్తుందా అని ఫోన్‌లో అడిగితే, నడుస్తాది అన్నారు మీ అమ్మమ్మగారు."

"ఆవిడ రోజూ దేవుడికి దండం పెట్టి అదే మాట చెప్తాదండీ, రేపో మాపో నడుస్తాదని! అది ఆవిడ ఆశ. మీరేటో జరిగిపోయినట్టు రాసేశారు."

మౌక్తిక కలం ఆగింది. రోజూ నడిచినా నడుస్తుందే, ఎప్పటికో నడిచినా నడుస్తుందే. కరీంనగర్‌లో పుట్టి పెరిగిన ఆమెకు ఆ సందేహమే రాలేదు.

"తెలుగులో రెండింటికీ ఒకటే మాట," అంది నీరసంగా.

"బెంగాలీలో అడగాల్సింది. హాఁటే అంటే రోజూ నడుస్తాదని, హాఁట్‌బే అంటే ఇకముందు నడుస్తాదని. చూశారా, తేడా!"

"ఇంత వ్యాకరణం తెలిసినవారు, ఆ గోడ మీది తెలుగు నోటీసు చదవరేం? గొడుగులు బయట పెట్టమని ఉంది."

"మాటాడతానండీ. చదవమనకండి."

దరఖాస్తు మళ్లీ తెరవాలంటే, పొరపాటు ఎవరిదో రాసి సంతకం చేయాలి. మౌక్తికది కాంట్రాక్టు ఉద్యోగం. వచ్చే నెలలోనే రెన్యువల్. ఆ సంగతి ఆమె నోటనే విని కామేష్ గొంతు తగ్గించాడు.

"అమ్మమ్మే తప్పు చెప్పిందని రాసేయండి. ఆవిడకి పోయే ఉద్యోగం లేదు."

"ఆవిడ తప్పు చెప్పలేదు," అంటూ మౌక్తిక తన పేరే రాసింది.

ఆ తరువాత తాను పనిచేసే షాలిమార్ రైల్వే గూడ్స్ ఆఫీసు నుంచి రెండు బస్సులు మారి, ఒక్కోసారి ఒక్కో సంతకం కోసం మొత్తం నాలుగుసార్లు వచ్చాడు కామేష్. నాలుగోసారికి, కూర్చోమని చెప్పకుండానే ఆమె అతని ముందుకు కుర్చీ జరిపింది.

తొమ్మిదోనాడు మొదటి సెషన్. కడ్డీ పట్టుకుని నిలబడ్డ చిన్ని, ఏడు లెక్కపెట్టేలోగా కూలబడింది.

"నడుస్తాది," అంది అమ్మమ్మ అప్పాయమ్మ, మనవరాలి కూతురి పాదాలు నిమురుతూ.

మౌక్తిక కాగితం మీద 'ఇంకా నడవడం లేదు' అని రాసింది. పైకి మాత్రం, "నడుస్తుందమ్మమ్మా," అంది.

సాయంత్రం గేటు దగ్గర, వానలో గొడుగుతో నిలబడి ఉన్నాడు కామేష్.

"రెన్యువల్ ఏటయింది?"

"ఇంకా తేలలేదు."

"ఉంటే ఇక్కడికొస్తాను, లేకపోతే మీ ఇంటికొస్తాను. ఈలోగా నాతో టీకి వస్తారా?"

"వస్తాను."

"ఏ వస్తానండీ? రోజూ వచ్చేదా, ఎప్పుడో వచ్చేదా?"

చాలా రోజుల తరువాత మౌక్తికకు నవ్వొచ్చింది. "రెండూనూ. తెలుగులోనే రాసుకోండి."

"రాయడం రాదే!"

"నేర్పుతాను," అని ఆమె గొడుగు కిందికి వచ్చింది.

ఆ 'నేర్పుతాను' ఏ కాలమో కామేష్ ఈసారి అడగలేదు.